డిస్క్ డ్రైవు కొట్టిన తప్పెట

మా బడికి కంప్యూటరు దిగిన రోజున నంద్యాలలో పనీపాటా ఉన్నవాడు ఒక్కడూ లేడేమో అనిపించింది. లారీ గేటు దగ్గర ఆగింది మొదలు అట్టపెట్టెలు హెడ్మాస్టరు గదికి చేరేదాకా జనమే జనం. ఎదురుగా ఉన్న సైకిల్ షాపాయన పంక్చరు వేస్తున్న ట్యూబును చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. ఎనభైల నడిమి కాలం అది. కేంద్ర ప్రభుత్వం కొన్ని బళ్లను ఏరి కంప్యూటర్లు పంపుతోంది. ఆ ఏరిన వాటిలో మా బడి ఎట్లా పడిందో మా హెడ్మాస్టరుకే అంతుబట్టలేదు. "యాడనో పొరపాటు జరిగింటాదిలేమ్మా, రేపో మాపో ఎనక్కి తీస్కపోతారు" అని ఆయన నాతో చాలాసార్లు అన్నాడు.

నేను ఆ బడిలో లెక్కల టీచర్ని. మాది ఆళ్లగడ్డ. పొద్దున్నే బస్సెక్కి శిరివెళ్ల మీదుగా నంద్యాల రావడం, సాయంత్రం అదే దారిన ఇల్లు చేరడం. నాకు కోపం ఎక్కువని బళ్లో అందరికీ తెలుసు. పిల్లల సంగతి సరే, గంట కొట్టే ఆయన కూడా నా పీరియడు ముందుగా ముగించడానికి జంకేవాడు. ఆ పేరు కష్టపడకుండానే వచ్చింది కాబట్టి నేనూ దాన్ని పోగొట్టుకోలేదు.

ఆ యంత్రాన్ని వాడటం నేర్చుకోవడానికి ఒకరిని అనంతపురం పంపమన్నారు. వేసవి సెలవుల్లో శిక్షణ అనేసరికి స్టాఫ్ రూములో అందరికీ ఒక్కసారిగా జబ్బులు పుట్టుకొచ్చాయి. సైన్సు సారుకు కళ్లు మసకలు, ఇంగ్లీషు సారుకు నడుం నొప్పి, సోషలు సారు వాళ్ల అత్తగారికి ఏదో పేరు తెలియని రోగం. చివరికి అందరూ నా వైపు తిరిగారు. "లెక్కలోళ్ల పనే గదమ్మా ఇది, నువ్వే పోయిరా" అన్నారు. మొహం మాడ్చుకుని ఒప్పుకున్నాను గానీ లోపల ఎగిరి గంతేశాను.

అనంతపురంలో నేర్పింది ఏమిటయ్యా అంటే, మిషను మీది గుడ్డ ఎట్లా తీయాలి, డిస్కు ఎట్లా పెట్టాలి, ఏ మీట నొక్కాలి, మళ్లీ గుడ్డ ఎట్లా కప్పాలి. వంట నేర్పిస్తామని పిలిచి పొయ్యి ముట్టించడం చూపి పంపేశారు. ఆ కోపంతోనే నంద్యాల తిరిగొచ్చాను.

హెడ్మాస్టరు వరండా చివరి గదిని కంప్యూటరుకు ఇచ్చాడు. కిటికీలకు మందపాటి తెరలు, తలుపుకు తాళం, తాళంచెవి ఆయన జేబులో. దుమ్ము పడితే మిషను పాడవుతుందని అనంతపురంలో చెప్పారని నేనన్న ఒక్క మాట ఆయనకు బాగా తలకెక్కింది. చెప్పులు గుమ్మం బయటే విడవాలి. లోపల నాపరాళ్ల నేల మీద వరసగా కూర్చోవాలి, చేతులు కట్టుకోవాలి, గట్టిగా ఊపిరి పీల్చకూడదు. ఆ డిస్కుల్లో వచ్చిన పాఠాలన్నీ ఇంగ్లీషువి. వాటిలో ఒకటి మంచు కురిసే ఊళ్లో రైలు నడిపే ఆట. బయట ఎండ నాపరాళ్లను కాలుస్తుంటే, "మంచు ఎట్లుంటాది టీచర్?" అని తొమ్మిదో తరగతి పిల్లలు అడిగేవాళ్లు. నేనెక్కడ చూశాను గనక చెప్పడానికి? కాసేపటికి ఆ చీకటి గదిలో సగంమంది నిద్రపోయేవాళ్లు.

అందరూ కంప్యూటరుకు తగిలించిన టీవీ మీది బొమ్మను చూసేవాళ్లు. నా కన్ను మాత్రం పక్కనున్న డిస్క్ డ్రైవు మీద ఉండేది. చూడటానికి అదొక గోధుమరంగు డబ్బా. ముందువైపు సన్నటి చీలిక, దానికొక గడియ. ఫ్లాపీ అనే నల్లటి చదరపు అట్టను ఆ చీలికలో దోపి గడియ వేస్తే, అట్ట లోపలున్న పల్చటి బిళ్ల గిరగిరా తిరుగుతుంది. తిరిగే బిళ్ల మీద హెడ్డు అనే చిన్న ముక్క లోపలికీ బయటికీ జరుగుతూ రాసి ఉన్నది చదువుతుంది. అది దగ్గరికి జరిగితే టిక్కుమంటుంది, దూరం పోతే గర్రుమంటుంది. ఆ చప్పుడు వింటే నాకెందుకో హాయిగా ఉండేది. లోపల ఎవరో పని చేసుకుంటున్నారని నమ్మకం కలిగేది.

అట్టపెట్టెల అడుగున, ఎవరూ విప్పని ప్లాస్టిక్ సంచిలో, ఆ డ్రైవుకు సంబంధించిన పుస్తకం ఒకటి దొరికింది. ఆళ్లగడ్డ బస్సులో దాన్ని చదువుకుంటూ పోయేదాన్ని. పక్క సీటు ఆడవాళ్లు బైబిలనుకుని కాస్త జరిగి చోటిచ్చేవాళ్లు. పుస్తకం చివర్లో ఉందొక అధ్యాయం. ఫ్లాపీ మీద ఒకదాని లోపల ఒకటిగా గుండ్రటి దారులుంటాయట, వాటిని ట్రాకులంటారు, అన్నిటికంటే బయటిది సున్నా. హెడ్డు ఏ ట్రాకుకు పోవాలో మామూలుగా కంప్యూటరే చూసుకుంటుంది. కావాలంటే మనమే నేరుగా చెప్పవచ్చు. కొన్ని అంకెలను మెమరీలో ఒకచోట వరసగా పేర్చి, వాటిని చూసుకొమ్మని ప్రోగ్రాములో ఒక మాట రాస్తే చాలు, హెడ్డు మనం చెప్పిన ట్రాకుకు పోయి నిలబడుతుంది. శిరివెళ్ల ఎప్పుడు దాటిందో నాకు తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం, అందరూ క్యారియర్లు విప్పుకున్న వేళ, హెడ్మాస్టరును బతిమాలి తాళంచెవి తీసుకుని ఆ గదిలో కూర్చున్నాను. అంకెలు పేర్చాను. రెండుసార్లు తప్పు కొట్టాను, నన్ను నేను తిట్టుకున్నాను. మూడోసారి మీట నొక్కగానే డ్రైవు ముందున్న ఎర్రదీపం వెలిగింది, లోపల గర్రుమంది, ఆగింది. మళ్లీ సున్నాకు రమ్మన్నాను. గర్రుమని వచ్చేసింది. ఒక ట్రాకు పక్కకు పొమ్మన్నాను, టిక్కుమంది. ఒక్కదాన్నే గదిలో కూర్చుని గట్టిగా నవ్వాను. ఆకలి గుర్తు రాలేదు. అంత సంతోషం నాకు అంతకుముందు డిగ్రీ పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఆ సంతోషం మీద నీళ్లు చల్లడానికన్నట్టు కర్నూలు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. గది చూశాడు, తెరలు చూశాడు, మడత నలగని గుడ్డ చూశాడు. "దీన్ని పిల్లలు వాడుతున్నారా, లేక పూజిస్తున్నారా?" అని అడిగాడు. పీర్ల పండగ అయిన తరువాతి నెలలో మళ్లీ వస్తానని, ఆ రోజున పిల్లలు సొంతంగా చేసింది ఏదైనా చూపించాలని, లేకపోతే యంత్రాన్ని కర్నూల్లో మరో బడికి పంపేస్తానని చెప్పి పోయాడు.

హెడ్మాస్టరు మొహం వెలిగిపోయింది. "పోనీలేమ్మా, పీడా పోతాది. దానికి ఏమన్నా అయితే నా మెడకే గదా" అన్నాడు.

"మీరు పోనిస్తే పోనియ్యండి సార్, నేను పోనియ్యను" అన్నాను. నా గొంతు అంత పెద్దగా ఎట్లా వచ్చిందో తెలియదు. అది పోతే నాకు మళ్లీ సుద్దముక్కా, నల్లబోర్డూ, మిగిలిన బతుకంతా అవే ఎక్కాలు. ఆ డబ్బా ఇంకొకరి గదిలో గర్రుమంటుందని తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది. స్టాఫ్ రూములో ఆ వారమంతా ఎవరూ నా జోలికి రాలేదు.

సొంతంగా చేసింది ఏదైనా అన్నాడు గానీ, ఏం చేయాలి? కూడికలు చేసి చూపిస్తే కర్నూలు ఆఫీసరు మెచ్చుతాడా? ఏమీ తోచక, ఒకరోజు పిల్లలకు హెడ్డును జరపడం చూపిద్దామని కూర్చున్నాను. నేనంటే భయం వల్ల అందరూ బిగుసుకుని ఉన్నారు. ఆ తొందరలో అంకె తప్పు కొట్టాను. ఫ్లాపీ మీద ఎన్ని ట్రాకులున్నాయో అంతకంటే ఎక్కువ చెప్పాను. అంటే లేని చోటికి పొమ్మన్నానన్నమాట. హెడ్డు పోయి పోయి చివర గోడకు తగిలింది. తగిలినా మాట జవదాటకుండా ఇంకా పోవాలని చూసింది. డబ్బా మొత్తం అదిరిపోతూ దడదడమని కొట్టుకుంది. అవతలి గదిలోంచి హెడ్మాస్టరు చెప్పులతోనే లోపలికి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా? కాలిందా?" అన్నాడు. నేను మీట నొక్కి ఆపేశాను.

అప్పుడు వెనక వరసలోంచి ఒకమ్మాయి, నోరు జారినట్టుగా అంది: "తప్పెట కొట్టినట్లుండాది టీచర్. పీర్ల గుండం కాడ కొడ్తారే, అట్ల."

ఒక్క క్షణం అందరూ నా మొహం చూశారు. నేను పక్కున నవ్వాను. అంతే, గదంతా నవ్వు. పీర్ల పండగ అప్పుడే అయిపోయింది, ఇంకా అందరి చెవుల్లోనూ ఆ మోత ఉంది. మా వైపు ఆ పండగకు ఆ మతం ఈ మతం అని ఉండదు. గుండంలో నిప్పులు రాజేస్తారు, తప్పెటలు మోగుతాయి, దాని చుట్టూ ఊరు ఊరంతా గంతులేస్తుంది. మా ఇల్లు ఒక్కటి మాత్రం ఆ రాత్రి తలుపు వేసుకునేది. మా నాయన మిషన్ బడిలో పంతులు, చర్చిలో సంఘ పెద్ద. తప్పెటలు మొదలవగానే తలుపు బిగించి, మా అందరినీ కూర్చోబెట్టి, గొంతెత్తి కీర్తనలు పాడించేవాడు. నేను పాడుతూనే తలుపు సందులోంచి తప్పెట వినేదాన్ని. నాకు తెలిసిన పీర్ల పండగంతా అదే.

ఆ రోజు నుంచి ఆ గది రూపమే మారిపోయింది. తప్పెట కొట్టేటప్పుడు ఒక చేతిలో పెద్ద పుల్ల, ఇంకో చేతిలో సన్న పుల్ల ఉంటాయి. హెడ్డు దూరం పోయే గర్రును పెద్ద పుల్ల దెబ్బ అనుకున్నాం, టిక్కును సన్న పుల్ల దెబ్బ అనుకున్నాం. ఏ ట్రాకుకు పోవాలి, పోయాక ఎంతసేపు ఆగాలి అని ఒక్కో దెబ్బకు రెండేసి అంకెలు. పిల్లలు ముఠాలుగా విడిపోయారు. నోటితో దరువు చెప్పేవాళ్లు కొందరు, నేలమీద వేళ్లతో కొట్టి సరిచూసేవాళ్లు కొందరు, అంకెలు రాసేవాళ్లు కొందరు. పక్క గదిలోంచి సైన్సు సారు వచ్చి, "ఈడ పాఠం జరుగుతాండాదా, జాతర జరుగుతాండాదా?" అని అడిగాడు. "రెండూ" అన్నాను.

చిక్కల్లా ఒకటే. హెడ్డు దూరం పోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. అది చేరకముందే ఇంకో మాట చెబితే వినిపించుకోదు. అందుకని ప్రతి దెబ్బ తర్వాతా ఆగాల్సి వచ్చింది. ఆగినకొద్దీ దరువు సాగింది. మొత్తానికి దెబ్బలన్నీ వాటి వరసలో పడ్డాయి గదా అని నేను సంబరపడ్డాను. పిల్లలు కూడా చప్పట్లు కొట్టారు, కొందరు మాత్రం మొహాలు చూసుకున్నారు. వాళ్లకు అప్పుడే అనుమానం వచ్చిందట, నాకు చెప్పడానికి భయపడ్డారట. ఆ సంగతి తర్వాత తెలిసింది. ఆఫీసరు రావడానికి వారం కూడా లేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, నేను నేలమీద కూర్చుని టిఫిన్ డబ్బా మూత బోర్లించి, ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో పెన్సిలు పట్టుకుని మా దరువును సరిచూసుకుంటున్నాను. నాయన నవారు మంచం మీద పేపరు మొహాన కప్పుకుని పడుకుని ఉన్నాడు. నిద్రపోయాడనే అనుకున్నాను.

"ఎవురు సచ్చినారు?" అన్నాడు పేపరు తీయకుండానే.

"ఏందీ నాయనా?"

"ఎవురు సచ్చినారని కొడ్తాండావు? అది సావు తప్పెట."

"కాదు నాయనా. పీర్ల గుండం దగ్గర కొట్టేది."

"దెబ్బలు అవే. బేగా కొడ్తే గుండం కాడ ఎగురుతారు. నీ మాదిరి ఈడ్సి ఈడ్సి కొడ్తే పీనుగ ముందర నడుస్తారు."

నా చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. కర్నూలు ఆఫీసరును కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్మాస్టరు ఎదురుగా, మేము పీనుగ దరువు వినిపించబోయాం. నవ్వొచ్చింది, భయమేసింది. ఆ తర్వాత గానీ అసలు ప్రశ్న తట్టలేదు.

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నాయన మొహం మీది పేపరు తీశాడు.

"మా నాయన కొట్టేటోడు. ఆయన పక్కన నిలబడి నేనూ కొట్టినా, మిషన్ హాస్టల్లో చేరేదాంకా" అన్నాడు. "పెద్దింటోళ్ల ఇండ్లల్లో ఎవురు సచ్చినా, ఎవురికి పెండ్లయినా, మనిషొచ్చి మా ఈదిలో నిలబడి కేకేస్తాడు. అన్నం ముందర కూసున్నా లేసి పోవల్ల. జరమొచ్చినా పోవల్ల. ఒకసారి మా నాయన రానన్యాడు." పేపరును నాలుగు మడతలు పెట్టాడు. "అంతే. ఇంగ అడగొద్దు."

తాత కూలికి పోయేవాడని మాత్రమే మాకు తెలుసు. తప్పెట మాట ఇంట్లో ఎప్పుడూ వినలేదు. దేవుడికి నచ్చదని నాయన తలుపు వేసేవాడనుకున్నాను. తలుపు వేసింది అందుకు కాదని ఆ మధ్యాహ్నం తెలిసింది. నాకు చాలా కోపం వచ్చింది. వీధిలో నిలబడి కేకేసిన ఆ మనిషి మీద, నేను పుట్టకముందే జరిగిపోయి నా చేతికి అందకుండా ఉన్న దాని మీద. నాయనకు ఎదురుగా కూర్చుని గరిటె పట్టుకుని ఉన్నందుకు సిగ్గు కూడా వేసింది.

"వద్దులే నాయనా. మేము వేరేది ఏమన్నా చేస్తాం" అన్నాను.

"వేరేది చేసేకి టైముందా?"

"లేదు."

"అయితే మిషను పోతాదా?"

"పోతాది."

ఆయన లేచి కూర్చున్నాడు. నా మొహంలో ఏం కనపడిందో గానీ, మంచం దిగి నా ఎదురుగా నేలమీదికి వచ్చాడు. "ఆ పుల్లలు ఈడ దే" అన్నాడు.

గరిటె కుడిచేతికి, పెన్సిలు ఎడమచేతికి తీసుకున్నాడు. మొదట రెండు దెబ్బలు తడుముకున్నాడు. మూడో దానికి భుజాలు సర్దుకున్నాయి. ఆ తర్వాత ఆ డబ్బా మూత మీద నుంచి వచ్చిన దరువు నేను ఎట్లా చెప్పను? చిన్నప్పుడు తలుపు సందులోంచి విన్న మోత, ఇప్పుడు నా మోకాళ్ల ముందు, మా నాయన చేతుల్లోంచి వస్తోంది. ఎక్కాలు తప్పు చెబితే బెత్తం పట్టిన చేతులవి, ఆదివారం ప్రార్థనలో జోడించే చేతులవి. అమ్మ తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఏమయ్యా, ఇన్నేండ్లూ ఈ ఇద్దె యాడ దాసిపెట్టినావు?" అంది. నాయన సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే ఇంకాస్త వేగం పెంచాడు. నేనూ అమ్మా నవ్వలేక చచ్చాం.

తర్వాత పంతులు పంతులే గదా, పాఠం మొదలుపెట్టాడు. "సూడు పాపా. సన్న పుల్ల తోలు మీదనే ఉండల్ల. పైకి లేపినావంటే దరువు జారిపోతాది. పెద్ద పుల్లొకటే దూరం నుంచి వచ్చి పడల్ల. పడినాక ఎనక్కి గుంజుకోవద్దు, ఆడనే సన్న పుల్ల అందుకోవల్ల."

నాకు వెంటనే వెలిగింది. మేము హెడ్డును ప్రతి దెబ్బకూ సున్నా నుంచి పంపి, మళ్లీ సున్నాకు రప్పిస్తున్నాం. టైమంతా ఆ రాకపోకలకే పోతోంది. ఎక్కడ ఉంటే అక్కడే నిలబెట్టి పక్క ట్రాకుకు అటూ ఇటూ జరుపుతూ టిక్కుటిక్కుమనిపిస్తే సన్న పుల్ల. ఒక్కసారి దూరం తోస్తే పెద్ద పుల్ల. తోసిన చోటే ఉండి మళ్లీ టిక్కుటిక్కు. "నాయనా, నువ్వు మా బడికి రావల్ల" అన్నాను.

"నేనేడికీ రాను" అన్నాడు.

సోమవారం పిల్లలతో కూర్చుని అంకెలన్నీ చెరిపి మళ్లీ రాశాం. మొదటిసారి కొట్టించగానే వెనక వరసలోని అమ్మాయి కూర్చున్న చోటే భుజాలు ఎగరేసింది. ఇంకోసారి కొట్టించేసరికి అందరూ లేచారు. చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన ఆ నాపరాళ్ల మీద తొమ్మిదో తరగతి మొత్తం గంతులేసింది. గుండం లేని లోటు తీరడానికి డ్రైవు చుట్టూ తిరిగారు. దుమ్ము లేచింది. హెడ్మాస్టరు తాళంచెవి నాకిచ్చి ఆ రోజు కోయిలకుంట్ల పోయి ఉండటం మా అదృష్టం.

ఆఫీసరు చెప్పినట్టే వచ్చాడు. ఆయన గుమ్మం దగ్గర బూట్లు విడిచి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. హెడ్మాస్టరు మంచు ఊళ్లో రైలు ఆట పెట్టించాడు. ఆఫీసరు ఆవలించాడు. "ఇది డిస్కులో వచ్చిందే కదా. పిల్లలు ఏం చేశారు?" అన్నాడు.

నేను తల ఊపాను. వెనక వరసలోని అమ్మాయి ముందుకొచ్చి ప్రోగ్రాము ఎక్కించి మీట నొక్కింది. డ్రైవు ఎర్రదీపం వెలిగింది. టిక్కు టిక్కు టిక్కు, గర్ర్. టిక్కు టిక్కు టిక్కు, గర్ర్. హెడ్మాస్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏందమ్మా ఇది, ఏందిది" అని గొణిగాడు. దరువు అందుకుంది. వరండాలో గంట కొట్టే ఆయన పరిగెత్తుకొచ్చి కిటికీ తెర పక్కకు లాగి తల దూర్చాడు. "పీర్లు లేసినాయిరో!" అని అరిచాడు. పిల్లలు నోళ్లకు చేతులడ్డం పెట్టుకున్నారు.

ఆఫీసరు నవ్వలేదు. మొత్తం విన్నాడు. విని, "ఎట్లా చేశారు?" అని పిల్లల్నే అడిగాడు. ఒకరు ట్రాకు గురించి చెబితే ఇంకొకరు మధ్యలో దూరి ఆగడం గురించి చెప్పారు. హెడ్డు వెనక్కి ఎందుకు రాకూడదో ఇద్దరు పోట్లాడుకుంటూ చెప్పారు. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మళ్లీ కొట్టించుకున్నాడు. "ఈ దరువు మీకు ఎవరు నేర్పారు?" అన్నాడు.

పిల్లలు నన్ను చూశారు. ఆ జవాబు నాది కాదు. దాన్ని ఒక మనిషి ఇన్నేళ్లు తలుపు వేసి దాచుకున్నాడు, నేనెవర్ని అందరిముందూ తెరవడానికి? నేనేనని అబద్ధమాడదామనుకున్నాను.

అప్పుడు చూశాను, వరండాలో నాయన నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె, తెల్లచొక్కా, చేతిలో గొడుగు. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయి, బయట విడిచిన చెప్పుల వరసను చూస్తున్నాడు. ఆయన మొహం బిగుసుకుంది. పెద్దింటోళ్ల గుమ్మాలు ఆయనకు గుర్తొచ్చాయని నాకు అర్థమైంది. గబగబా దగ్గరికి పోయాను.

"దుమ్ము కోసం నాయనా. ఆఫీసరు గూడా విడిచినాడు" అన్నాను మెల్లగా.

ఆ వరసలో నిగనిగలాడే నల్లబూట్లు చూసుకున్నాడు. చూసుకుని, తన చెప్పులను సరిగ్గా వాటి పక్కనే విడిచి లోపలికి వచ్చాడు.

"నేను నేర్పినా సార్" అన్నాడు. "రిటైర్డు టీచర్ని. తప్పెట మా ఇంటి పని."

ఆ గదిలో హెడ్మాస్టరు ఉన్నాడు, సైన్సు సారు ఉన్నాడు, నా పిల్లలందరూ ఉన్నారు. ఆయన గొంతు వణకలేదు. నా కళ్లు మాత్రం ఆగలేదు. కోపం టీచరమ్మ ఏడవడం పిల్లలు చూసింది అదే మొదలు.

ఆఫీసరు లేచి తన కుర్చీ జరిపాడు. "కూర్చోండి మాస్టారూ" అన్నాడు. హెడ్మాస్టరు వైపు తిరిగి, "యంత్రం ఇక్కడే ఉంటుంది. ఆ తాళంచెవి ఇకమీదట ఈ టీచరు దగ్గర ఉంచండి" అన్నాడు. హెడ్మాస్టరు క్షణంలో తేరుకున్నాడు. "మొదట్నుంచీ నేనే ప్రోత్సహిస్తాండా సార్, దుమ్మనకుండా ధూళనకుండా" అన్నాడు. నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

ఆఫీసరు పోయాక పిల్లలు నాయనను వదల్లేదు. ఖాళీ చెక్కపెట్టె ఒకటి మూలనుంటే దాన్ని లాక్కొచ్చి ముందు పెట్టారు. ఎవరో రెండు రూళ్లకర్రలు తెచ్చారు. డ్రైవు మొదలుపెట్టింది, నాయన దాని వెంట అందుకున్నాడు. డ్రైవు కొట్టాల్సిన దెబ్బలు అయిపోయి ఆగిపోయింది. నాయన ఆగలేదు. గొడుగు కిందపడి ఉంది, చొక్కా వీపుకు అతుక్కుంది, కళ్లు మూసుకున్నాడు. ఇంటి బెల్లు కొట్టాల్సిన ఆయన కిటికీకి వేలాడుతూ బెల్లు సంగతే మరిచిపోయాడు.

సాయంత్రం ఆళ్లగడ్డ బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నాయన తన అరచేతులను ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంటున్నాడు. రూళ్లకర్రల వల్ల బొబ్బలు లేచాయి. నొప్పిగా ఉందా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. బస్సు శిరివెళ్లలో ఆగి మళ్లీ కదిలాక, కిటికీ బయటికి చూస్తూ అన్నాడు:

"ఈపొద్దు ఎవురూ కేకెయ్యలా పాపా. నాకు కొట్టబుద్దయ్యి కొట్టినా."